హార్డ్ డిస్క్ ఫ్రీజర్‌లో పెడితే డేటా వస్తుందంటున్నారు, నిజమేనా? రెండు డిస్కులు పోయినాయి

పొద్దుటూరు_స్టూడియో
వారం లోపల రెండు డిస్కులు పోయినాయి. ఒకటి 3 టీబీ, బల్ల మీద పెట్టే పెద్ద ఎక్స్‌టర్నల్, 12 వోల్టుల అడాప్టర్‌ది. దానికి పొరపాటున ల్యాప్‌టాప్ 19 వోల్టుల అడాప్టర్ గుచ్చినారు, పిన్ను సరిగ్గా పట్టింది. అప్పట్నించి చడీచప్పుడు లేదు, లైటు కూడా రాదు. రెండోది 1 టీబీ, జేబులో పట్టే చిన్నది. తిరుగుతా ఉండగానే బల్ల మీద నుంచి కింద పడింది. ఇప్పుడు పెడితే టిక్ టిక్ అని ఏడెనిమిది సార్లు కొట్టి ఆగిపోతాది. రెండిట్లోనూ పార్టీలకు ఇంకా ఇయ్యని పెళ్లి ఫైళ్లు ఉండాయి. జిప్ కవర్‌లో చుట్టి ఒక రాత్రి డీప్ ఫ్రిజ్‌లో పెట్టు, పొద్దున తీసి వెంటనే కాపీ కొట్టుకో అని ముగ్గురు చెప్పినారు. పెట్టొచ్చా?

తాడిపత్రి_సోల్డర్
పెట్టాకప్పా. రెండిటివీ వేర్వేరు జబ్బులు, ఏదానికీ ఫ్రిజ్ మందు కాదు. మొదటిది బోర్డు మీద దెబ్బ, చాలావరకు ఇంట్లోనే బతుకుతాది. రెండోదానిలో హెడ్డు, అంటే డేటా చదివే చిన్న ముక్క, పోయింది. దాన్ని ఇంగ ఒక్కసారి కూడా పవర్‌కు పెట్టొద్దు.

బురుజు_బాబు
ఫ్రీజర్ మాట ఊరికే పుట్టలేదు గదా. పాత డిస్కులు దాంతో లేచిన మాట నిజం. కాపీ అయ్యేంతసేపు నడిచి మళ్ళీ ఆగిపోయేవి, కానీ నడిచేవి.

హంద్రీ_ఒడ్డు
బురుజు_బాబు చెప్పింది 1990ల డిస్కుల సంగతి. అది ఏంటికి పనిచేసిందో తెలిస్తే ఇప్పుడు ఏంటికి పనిచేయదో కూడా తెలుస్తుంది.

అప్పటి డిస్కులు ఆగినప్పుడు హెడ్లు ప్లాటర్ (డేటా ఉండే గుండ్రటి పళ్ళెం) మీదనే లోపలి అంచున కూర్చునేవి. రెండూ అద్దం మాదిరి నునుపు, ఒకదానికొకటి అతుక్కునేవి. మోటారుకేమో ఉక్కు గుండ్ల బేరింగ్. చల్లబడితే లోహం రోంత ముడుచుకుని ఆ పట్టు వదిలేది, మోటారు తిరిగేది. ఇప్పటి డిస్కులు ఆగేటప్పుడు హెడ్లను ప్లాటర్ బయట ర్యాంపు అనే చిన్న గట్టు మీద పెడతాయి. బేరింగ్‌లో గుండ్లు లేవు, నూనె పొర ఉంది. మైనస్ 18లో ఆ నూనె చిక్కబడి మోటారుకు ఇంకా బరువవుతుంది.

ఇంగ తేమ. గది 30 డిగ్రీలు, గాలిలో తేమ 60 శాతం ఉందనుకోండి. 21 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీరు చెమరుస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబు చూస్తూనే ఉంటాం గదా. మామూలు డిస్కు మూత మీద గాలి పీల్చుకునే చిన్న రంధ్రం ఉంటుంది. లోపల ఉన్న ఫిల్టర్ దుమ్మును ఆపుతుందే కానీ ఆవిరిని ఆపదు. తిరుగుతున్నప్పుడు హెడ్డుకూ ప్లాటర్‌కూ మధ్య ఖాళీ కొన్ని నానోమీటర్లే. 7200 ఆర్పీఎం డిస్కులో ప్లాటర్ బయటి అంచు గంటకు దాదాపు 130 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. ఆ వేగంలో ఒక నీటి బొట్టు గోడతో సమానం. హెడ్డు తగిలిన చోట అయస్కాంత పూత గీసుకుపోతుంది, ఆ భాగంలో డేటా ఇంగ ఎవరూ తేలేరు.

బురుజు_బాబు
జిప్ కవర్, సిలికా జెల్ పెడితే?

హంద్రీ_ఒడ్డు
కవర్ లోపల ఉన్నంతసేపు సరే. కేబుల్ పెట్టాలంటే కవర్ తెరవాల్సిందే. కేబుల్ బయటికి లాగి కవర్ మూసినా డిస్కు తిరగడం మొదలుపెట్టాక లోపల ఒకచోట వేడి, ఒకచోట మంచు. చల్లదనం కావాలంటే ఎదురుగా ఫ్యాను పెట్టండి, చాలు. మే నెలలో మన ఎండకు మూసిన డబ్బాలోని డిస్కు 55 డిగ్రీలు దాటుతుంది. డబ్బా నుంచి తీసి ఫ్యాను కింద పెడితే 40 దగ్గర నిలుస్తుంది. వేడెక్కాక చదవడం ఆపేసే డిస్కులకు ఇది నిజంగా పనిచేస్తుంది.

గండికోట_కేబుల్
ఏ చిట్కా అయినా ముందు శబ్దం వినండి. అసలు శబ్దమే లేకుంటే బోర్డు లేదా పవర్. సన్నగా బీప్ బీప్ అంటే మోటారు తిరగాలని చూసి తిరగలేకపోతోంది. టిక్ టిక్ అంటే తిరుగుతోంది కానీ హెడ్డు చదవలేకపోతోంది. బాగా తిరిగి, శబ్దం మామూలుగా ఉండి, కంప్యూటర్‌కు కనిపించకపోతే ఫర్మ్‌వేర్, అంటే డిస్కును నడిపే లోపలి ప్రోగ్రాం.

బీప్ అన్నవన్నీ పోయినట్టు కాదు. చిన్న డిస్కు మోటారు లేచేటప్పుడు ఒక ఆంపియర్ దాకా లాగుతుంది. యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, యూఎస్‌బీ 3 ఇచ్చేది 900. కేబుల్ పొడవైనదైతే వోల్టేజి దారిలోనే తగ్గుతుంది. పొట్టి కేబుల్‌తో డెస్క్‌టాప్ వెనక పోర్టుకు పెట్టి చూడండి, లేదా రెండు తలల కేబుల్ వాడండి. అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ అయితే ఇంకా మేలు.

పొద్దుటూరు_స్టూడియో
పెద్దదానికి శబ్దమే లేదు. ఏం చేయాల?

తాడిపత్రి_సోల్డర్
డబ్బా విప్పు, లోపల మామూలు 3.5 అంగుళాల సాటా డిస్కు ఉంటుంది. దానికి తగిలించిన చిన్న బోర్డు బ్రిడ్జి, సాటాను యూఎస్‌బీగా మార్చేది. తీసి పక్కన పెట్టు, పారేయొద్దు, తర్వాత అవసరం పడొచ్చు.

డిస్కును దేనికీ కలపకుండా మల్టీమీటర్‌ను కంటిన్యుటీలో పెట్టు. సాటా పవర్ కనెక్టర్‌లో 15 పిన్నులు. 4, 5, 6 గ్రౌండు. 7, 8, 9 ఐదు వోల్టులు. 13, 14, 15 పన్నెండు వోల్టులు. గ్రౌండుకూ 13కూ మధ్య పెట్టు, తర్వాత గ్రౌండుకూ 7కూ మధ్య పెట్టు. కుయ్యిమని మోగి సున్నా చూపిస్తే అది షార్టు.

బోర్డు మీద పవర్ కనెక్టర్ పక్కనే రెండు నల్లటి రెండుకాళ్ల ముక్కలు ఉంటాయి, ఒక అంచున గీత ఉంటుంది. అవి టీవీఎస్ డయోడ్లు, ఒకటి 5 వోల్టుల దారికి, ఒకటి 12 వోల్టుల దారికి. ఎక్కువ వోల్టేజి వస్తే అవి తమను తాము షార్టు చేసుకుని మిగతా బోర్డును కాపాడతాయి. 19 వోల్టులు పోయింది కాబట్టి 12 వైపుది షార్టయి ఉంటుంది. దాన్ని తీసేస్తే డిస్కు లేస్తుంది. డయోడ్ లేకుండా డిస్కు మామూలుగానే నడుస్తుంది, రక్షణ మాత్రం ఉండదు. అందుకే నమ్మకమైన ఎస్‌ఎంపీఎస్‌తో (కంప్యూటర్ పవర్ సప్లైతో) నడిపి డేటా ఎత్తేసుకోవాల.

తీసేటప్పుడు రెండు ఐరన్లు చెరో కాలికీ పెడితే ఊడొస్తుంది. హాట్ ఎయిర్ ఉంటే చుట్టూ క్యాప్టన్ టేపు (వేడికి కరగనిది) వేసి 350 డిగ్రీల దగ్గర పెట్టు. కటింగ్ ప్లేయర్‌తో పెరికితే బోర్డు మీద రాగి దారి లేస్తుంది, అది చేయొద్దు.

ఆదోని_అసెంబ్లీ
మీటర్ లేనివాళ్ళకు ఒక గుర్తు: షార్టున్న డిస్కు పెడితే ఎస్‌ఎంపీఎస్ ఫ్యాను ఒక్క జరుగు జరిగి ఆగుతుంది, సిస్టం ఆన్ కాదు. డిస్కు తీస్తే ఆన్ అవుతుంది.

గండికోట_కేబుల్
ఆదోని చెప్పిన పని మదర్‌బోర్డుకు కలిపి చేయకండి. ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే బయట పెట్టి, 24 పిన్నుల కనెక్టర్‌లో పచ్చ వైరును నల్ల వైరుకు కలిపి చూడండి.

రాజంపేట_రవ్వ
మొత్తం బోర్డే మార్చేస్తే సరిపోదా? అదే మోడల్ డిస్కులు పాత సామాన్ల అంగట్లో దొరుకుతాయి.

తాడిపత్రి_సోల్డర్
2000ల మొదట్లో వచ్చిన డిస్కుల్లో చాలా వాటికి సరిపోయేది. ఇప్పుడు అట్ల కాదు. బోర్డు మీద ఎనిమిది కాళ్ళ చిన్న ఐసీ ఉంటుంది, నంబరు 25తో మొదలవుతుంది. రోమ్ అనే ఆ చిప్పులో ఆ ఒక్క డిస్కు హెడ్లకు సరిపోయే కొలతలు ఫ్యాక్టరీలో రాసి ఉంటాయి. వేరే డిస్కు బోర్డు పెడితే దాని కొలతలతో ఈ హెడ్లను నడపాలని చూసి టిక్ టిక్ కొడుతుంది. అందుకే ఆ ఐసీని పాత బోర్డు నుంచి పీకి కొత్త బోర్డులో వేయాల. లేదా సీహెచ్341ఏ ప్రోగ్రామర్‌తో (చిప్పును చదివి రాసే చిన్న పరికరంతో) పాతది చదివి కొత్తదానిలో రాయాల. రెండుసార్లు చదివి రెండు ఫైళ్ళూ ఒకటేనా అని పోల్చుకున్నాకే రాయి.

కొన్ని వెస్టర్న్ డిజిటల్ బోర్డుల్లో యూ12 అన్న చోట ఐసీ ఉండదు, ఖాళీగా ఉంటుంది. అప్పుడు రోమ్ పెద్ద ప్రాసెసర్ లోపలే ఉన్నట్టు, మార్చడం కష్టం. కొనేటప్పుడు డిస్కు మోడల్ కన్నా బోర్డు మీద అచ్చయిన నంబరు ముఖ్యం. వెస్టర్న్ డిజిటల్‌లో అది 2060తో, సీగేట్‌లో 100తో మొదలవుతుంది.

బురుజు_బాబు
బోర్డు విప్పినప్పుడు వెనక వైపు చూడండి. హెడ్లకు పోయే బంగారు రంగు చుక్కలు నల్లగా మారి ఉంటాయి, తేమకు ఆక్సైడు పడతాది. పిల్లోళ్ళ పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరినాక బిగించండి. మధ్య మధ్య కనిపించి మాయమయ్యే డిస్కులు దీనికే సరవుతాయి. స్క్రూలు స్టార్ తలవి, టీ6 లేదా టీ8 బిట్టు కావాల.

హంద్రీ_ఒడ్డు
ఇది మాత్రం నూటికి నూరుపాళ్ళు మంచి చిట్కా. ఫ్రీజర్ దగ్గర కాదన్నా, రబ్బరు దగ్గర నేను బాబు పక్షమే.

పొద్దుటూరు_స్టూడియో
13కూ గ్రౌండుకూ మధ్య మోగింది, 7 దగ్గర మోగలేదు. ఇక్కడే మొబైల్ రిపేరు అంగట్లో ఆ డయోడ్ తీయించినా. డిస్కు తిరుగుతోంది, శబ్దం నున్నగా ఉంది! కానీ డెస్క్‌టాప్‌కు సాటాతో పెడితే విండోస్‌లో 3 టీబీ కనిపిస్తోంది, ఫైళ్ళు లేవు. డిస్కును ఇనిషియలైజ్ చేయాలా, ఫార్మాట్ చేయాలా అని అడుగుతోంది.

అనంత_లైనక్స్
దేనికీ ఓకే కొట్టొద్దు. విండోస్‌ను మూసెయ్. చెక్‌డిస్క్ కూడా నడపొద్దు, జబ్బు డిస్కు మీద అది ఫోల్డర్ల పట్టీని సరిచేస్తానని చెరిపేస్తుంది.

నీ ఫైళ్ళు యాడికీ పోలేదు. 2 టీబీ దాటిన ఎక్స్‌టర్నల్ డబ్బాల్లో చాలావాటిలో బ్రిడ్జి బోర్డు ఒక మాయ చేస్తుంది. డిస్కు 512 బైట్ల సెక్టార్లుగా (చిన్న చిన్న గదులుగా) చెప్పేదాన్ని ఎనిమిదేసి కలిపి 4096 బైట్ల సెక్టార్‌గా కంప్యూటర్‌కు చూపిస్తుంది. పార్టిషన్ (ఫైళ్ళుండే భాగం) 256వ సెక్టార్ నుంచి మొదలని పట్టీలో రాసుంటుంది, అది 4096 లెక్క. బ్రిడ్జి తీసేసి నేరుగా పెడితే కంప్యూటర్ 512 లెక్కలో 256వ సెక్టార్‌ను వెతుకుతుంది, అక్కడ ఏమీ ఉండదు. అసలు చోటు 256 ఇంటూ 8, అంటే 2048.

హెక్స్ ఎడిటర్‌ను (డిస్కులోని బైట్లను నేరుగా చూపే ప్రోగ్రాంను) చదవడానికి మాత్రమే తెరిచి 2048వ సెక్టార్ చూడు. మొదటి మూడు బైట్ల తర్వాత ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫార్మాట్ పేరు) అనే అక్షరాలు కనిపిస్తే పని తేలిక. అర్థం కాని గజిబిజి ఉంటే బ్రిడ్జి ఎన్‌క్రిప్ట్ చేస్తున్నట్టు. వెస్టర్న్ డిజిటల్ మై బుక్, మై పాస్‌పోర్ట్ మోడళ్లలో చాలావాటికి మనం పాస్‌వర్డ్ పెట్టకపోయినా లోపల ఎన్‌క్రిప్షన్ జరుగుతూనే ఉంటుంది. అట్లయితే ఆ బ్రిడ్జి బోర్డునే బాగుచేయించాల.

ఆదోని_అసెంబ్లీ
దీని పక్కనే ఇంకో మాయ. కొత్త పెద్ద డిస్కులు, 8 టీబీ ఆపైనవి, డబ్బా నుంచి తీసి ఎస్‌ఎంపీఎస్‌కు పెడితే అసలు తిరగవు. చచ్చిపోయిందనుకుంటారు. సాటా పవర్‌లో 3వ పిన్నుకు 3.3 వోల్టులు వస్తే ఆగిపోమని అర్థం వచ్చేట్టు కొత్త ప్రమాణంలో మార్చినారు. ఆ పిన్ను మీద సన్న ముక్క క్యాప్టన్ టేపు అంటించండి, లేదా పాత నాలుగు పిన్నుల మోలెక్స్ నుంచి సాటాకు మార్చే కేబుల్ వాడండి, అందులో 3.3 ఉండదు.

పొద్దుటూరు_స్టూడియో
ఎన్‌టీఎఫ్‌ఎస్ కనిపించింది. పానం లేచొచ్చింది. ఇప్పుడు నేరుగా కాపీ కొట్టుకోవచ్చా?

అనంత_లైనక్స్
కొట్టొద్దు. ముందు మొత్తం డిస్కుకు ఇమేజ్, అంటే ఉన్నదున్నట్టు నకలు, తీయి, ఫైళ్ళు ఇమేజ్ నుంచి ఎత్తుకో. దెబ్బ తిన్న డిస్కును ఎన్నిసార్లు తక్కువగా చదివితే అంత మంచిది.

ఖాళీ 4 టీబీ డిస్కు ఒకటి తెచ్చుకో, ఈఎక్స్‌టీ4గా (లైనక్స్ ఫార్మాట్) ఫార్మాట్ చెయ్. ఫ్యాట్32 పనికిరాదు, 4 జీబీ మించిన ఫైలు పట్టదు. లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి ఆటోమౌంట్ (పెట్టగానే డిస్కును తానే తెరవడం) ఆపెయ్. ఎల్ఎస్‌బీఎల్‌కే ఆదేశం కొట్టి ఏది ఏ డిస్కో సీరియల్ నంబరుతో సహా కాగితం మీద రాసుకో. తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి డేటా మీద పడుతుంది.

గ్ను డీడీరెస్క్యూలో (చెడిన డిస్కుకు నకలు తీసే ప్రోగ్రాంలో) మూడు పేర్లు వరసగా ఇయ్యాల: చదివే డిస్కు, రాసే ఇమేజ్ ఫైలు, ఎంతవరకు చదివిందో రాసుకునే మ్యాప్ ఫైలు. మొదటి విడత మైనస్ ఎన్‌తో నడుపు. బాగున్న చోట్లన్నీ ముందు ఎత్తుకుని, మొండికేసిన చోట్లను వదిలి ముందుకు పోతుంది. రెండో విడత అవే మూడు పేర్లతో మైనస్ డీ, మైనస్ ఆర్3 పెట్టు, మిగిలిన చోట్లను మూడేసి సార్లు అడుగుతుంది. మొదటినుంచి పోతూ ఒకచోట ఇరుక్కుంటే పెద్ద ఆర్ పెట్టి వెనక నుంచి చదివించు.

మ్యాప్ ఫైలు మాత్రం మరిచిపోవద్దు, దాన్ని రాసే డిస్కులోనే పెట్టు. కరెంటు పోయినా, డిస్కు ఆగినా, మళ్ళీ అదే ఆదేశం ఇస్తే ఆగిన చోటు నుంచే మొదలవుతుంది. సెకనుకు 120 ఎంబీ వస్తే 3 టీబీకి దాదాపు 7 గంటలు. యూపీఎస్ మీద పెట్టు, ఫ్యాను పెట్టు.

బురుజు_బాబు
విండోస్‌లో రికవరీ సాఫ్ట్‌వేర్లు ఉండాయి గదా, ఇంత తిప్పలేల?

అనంత_లైనక్స్
అవి చెరిపేసిన ఫైళ్ళకు. సెక్టార్ చదవలేకపోతే అవి అక్కడే పట్టుబట్టి వందసార్లు అడుగుతాయి, అంతలో హెడ్డు పోతుంది. ఇమేజ్ చేతికొచ్చాక టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ లాంటి రికవరీ ప్రోగ్రాంలు ఏవైనా దాని మీద నడుపుకో, ఎన్నిసార్లయినా. ముందు స్మార్ట్ (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) చూసే అలవాటు చేసుకోండి. అందులో 5, 197, 198 నంబర్లవి పెరుగుతుంటే ప్లాటర్ లేదా హెడ్డు. 199 ఒక్కటే పెరుగుతుంటే సాటా కేబుల్ మార్చు, డిస్కు బాగానే ఉంది.

రాజంపేట_రవ్వ
శబ్దం మామూలుగా ఉండి కనిపించనివి ఫర్మ్‌వేర్ అని గండికోట రాసినాడు. 2009 నాటి సీగేట్ 500 జీబీ ఒకటి అట్లనే ఉంది. తిరుగుతుంది, బయాస్‌లో రాదు.

గండికోట_కేబుల్
లేబుల్ మీద 7200.11 సిరీస్, ఫర్మ్‌వేర్ ఎస్‌డీ15 అని ఉంటే ఇది ఊరంతా తెలిసిన జబ్బే, 2008-09లో పెద్ద గొడవైంది. డిస్కు లోపలి లాగ్ ఒక లెక్కకు చేరినప్పుడు ఆన్ చేస్తే బిజీలో ఇరుక్కుంటుంది. ప్లాటర్ మీద డేటా చెక్కుచెదరదు.

యూఎస్‌బీ నుంచి టీటీఎల్ సీరియల్ అడాప్టర్ కావాల. పాత ఆర్‌ఎస్232 పోర్టు నేరుగా పెడితే వోల్టేజి ఎక్కువై బోర్డు కాలుతుంది. సాటా కనెక్టర్ పక్కన నాలుగు పిన్నులుంటాయి, వాటిలోనే టీఎక్స్ (పంపేది), ఆర్‌ఎక్స్ (అందుకునేది). అడాప్టర్ ఆర్‌ఎక్స్ డిస్కు టీఎక్స్‌కు, అటుది ఇటు. గ్రౌండు కలపాల. వేగం 38400, 8 ఎన్ 1.

బోర్డు స్క్రూలు వదులు చేసి, హెడ్ల కనెక్టర్ దగ్గర మాత్రం బోర్డుకూ డిస్కుకూ మధ్య గట్టి కాగితం ముక్క పెట్టు. పవర్ ఇచ్చి కంట్రోల్ జెడ్ కొడితే ఎఫ్3 టీ ప్రాంప్ట్ వస్తుంది. స్లాష్ 2, తర్వాత పెద్ద జెడ్. మోటారు ఆగినాక కాగితం లాగేసి, పవర్ ఉండగానే స్క్రూలు బిగించు, చేయి జారకూడదు. పెద్ద యూ కొడితే మోటారు లేస్తుంది. స్లాష్ 1, ఎన్1, ఆ తర్వాత స్లాష్ టీ. పవర్ తీసి పది సెకన్లాగి మళ్ళీ ఇయ్యి. చివరగా ఎం0,2,2 రాసి ఐదు కామాల తర్వాత 22. ఇది ఒకట్రెండు నిమిషాలు పడుతుంది, మధ్యలో పవర్ తీయొద్దు.

హంద్రీ_ఒడ్డు
దీన్ని చదివేవాళ్ళందరికీ గట్టిగా చెప్తున్నా: ఆ చివరి ఆదేశం ఆ సిరీస్‌కే. అది అడ్రసుల పట్టీని కొత్తగా కడుతుంది. ఇప్పటి సన్న సీగేట్ డిస్కుల్లో, షింగిల్డ్ రకం (ట్రాకులు ఒకదాని మీదొకటి ఎక్కేట్టు రాసేవి) వాటిలో కొడితే పట్టీ పోయి డేటా మళ్ళీ కలవదు.

పొద్దుటూరు_స్టూడియో
ఇమేజ్ నడుస్తోంది, 61 శాతం. ఇంతలో ఆ చిన్నదాని సంగతి చెప్పండి. మూత తీసి హెడ్డును చేత్తో ర్యాంపు మీదికి జరిపే వీడియోలు ఉండాయి. బాత్రూంలో వేడినీళ్ళు వదిలితే ఆవిరికి దుమ్మంతా కిందికి దిగుతుందని, అక్కడ విప్పమని ఒకాయన అన్నాడు.

తాడిపత్రి_సోల్డర్
ఆవిరితో పెద్ద దుమ్ము దిగుతుంది నిజమే, బదులుగా తేమ ప్లాటర్ మీద కూర్చుంటుంది. ల్యాబుల్లో వాడే క్లాస్ 100 అంటే ఒక ఘనపుటడుగు గాలిలో అర మైక్రాన్ కన్నా పెద్ద కణాలు నూరు మించకూడదు. మన తాడిపత్రిలో గ్రానైట్, బేతంచెర్లలో పాలిష్ బండలు. ఊరి గాలిలోనే సన్న రాతిపొడి. అది ప్లాటర్ మీద పడితే ఉప్పుకాగితం మాదిరే.

పైగా నీది బీప్ కాదు, టిక్. హెడ్డు అతుక్కోలేదు, దెబ్బతినింది. జరిపినా లాభం లేదు, హెడ్ల సెట్టే మార్చాల. విప్పనేవద్దు.

బురుజు_బాబు
తిరగేసి పెట్టడం, అంచు మీద నిలబెట్టి నడపడం కొన్నిసార్లు పనిచేస్తుంది గదా?

హంద్రీ_ఒడ్డు
నెమ్మదిగా చదివే, మధ్యలో ఆగే డిస్కులకు ఒకసారి చూడొచ్చు, ఖర్చు లేదు. డీడీరెస్క్యూ నడుస్తుంటే ఆపి, తిరగేసి, మళ్ళీ మొదలుపెట్టాల. తిరుగుతున్నప్పుడు కదిలించకూడదు. కిందపడి టిక్ కొట్టేదానికి ఇదీ వద్దు. పవర్ ఇచ్చిన ప్రతిసారీ విరిగిన హెడ్డు పూతను గీకుతుంది.

స్టూడియో, దాన్ని హైదరాబాదో బెంగళూరో ల్యాబుకు పంపండి. యాంటీస్టాటిక్ కవర్, చుట్టూ అన్ని వైపులా రెండంగుళాల ఫోమ్, గట్టి అట్టపెట్టె. నలిపిన పేపర్లు దారిలో అణిగిపోతాయి, వద్దు. మూడు ప్రశ్నలు అడగండి: క్లీన్ బెంచ్ (దుమ్ములేని గాలి ఉండే పని బల్ల) మీ దగ్గరే ఉందా, హెడ్లు తీసుకోవడానికి దాత డిస్కు ఎవరు కొనాల, డేటా రాకుంటే ఎంత తీసుకుంటారు. జవాబులు రాతలో తీసుకోండి. ఇంతకుముందు ఎవరూ మూత తీయలేదని వాళ్ళకు చెప్పగలిగితే అదే మీకు పెద్ద బలం.

రాజంపేట_రవ్వ
నీళ్ళలో మునిగిన డిస్కుల సంగతి కూడా రాయండి. 2021 నవంబరులో చెయ్యేరు వరద వచ్చినప్పుడు అందరూ బియ్యం డబ్బాలో పెట్టమన్నారు.

హంద్రీ_ఒడ్డు
2009 అక్టోబరులో కర్నూలు మునిగినప్పుడూ ఇదే మాట. బియ్యం వద్దు, ఎండలో వద్దు, హెయిర్ డ్రయ్యర్ వద్దు. వరద నీళ్ళలో బురద, లవణాలు ఉంటాయి. ఆరితే అవి ప్లాటర్ మీద గట్టి పొరగా అతుక్కుంటాయి. బియ్యం పిండి కనెక్టర్లలో చేరుతుంది. పైన బురద మెల్లగా తుడిచి, తడిగానే జిప్ కవర్‌లో మూసి, పవర్ పెట్టకుండా తొందరగా ల్యాబుకు చేర్చాల. వాళ్ళు విప్పి ప్లాటర్లను కడుగుతారు.

ఆదోని_అసెంబ్లీ
హీలియం నింపిన డిస్కులకు గాలి రంధ్రమే ఉండదు, పూర్తిగా సీలు. 2013 చివర హెచ్‌జీఎస్‌టీ కంపెనీ 6 టీబీ డిస్కుతో మొదలైనవి. వాటిని ఇంట్లో విప్పితే హీలియం పోతుంది. మామూలు గాలికి ఆ హెడ్లు, ప్లాటర్లు లెక్క కట్టినవి కావు.

పొద్దుటూరు_స్టూడియో
ఇమేజ్ అయిపోయింది. రెండో విడత తర్వాత 96 కేబీ మాత్రం చదవలేదు. కానీ ఇమేజ్‌ను మౌంట్ చేస్తే పార్టిషన్ కనిపించదే?

అనంత_లైనక్స్
అదే 4096 లెక్క, ఇమేజ్‌కూ వర్తిస్తుంది. లోసెటప్‌కు (ఇమేజ్ ఫైలును డిస్కు మాదిరి చూపే ఆదేశానికి) సెక్టార్ సైజు 4096 అని చెప్పు, పార్టిషన్లు వెతకడానికి పెద్ద పీ, రాయకుండా ఉండడానికి చిన్న ఆర్ కలుపు. లూప్0పీ1 అని వస్తుంది, దాన్ని మౌంట్ చెయ్.

పొద్దుటూరు_స్టూడియో
వచ్చినాయి! ఫోల్డర్లు, తేదీలు, అన్నీ. రెండు పెళ్లిళ్ళ వీడియోలు చివరి దాకా ఆడించి చూసినా, యాడా తెగలేదు. చిన్నదాన్ని రేపు ఫోమ్‌లో పెట్టి పంపుతా. ఆ పెద్ద డిస్కులో తీసేసిన డయోడ్ మళ్ళీ వేయించాల్నా?

తాడిపత్రి_సోల్డర్
పని డిస్కుగా మళ్ళీ వాడొద్దు, చదవని చోట్లు వచ్చినాయి గదా. అట్లనే ఉంచాలనుకుంటే ఎస్‌ఎంబీజే12ఏ రకం వేయించు, గీత ఉన్న కొస 12 వోల్టుల వైపు రావాల. తిప్పి వేస్తే పవర్ ఇచ్చిన వెంటనే మళ్ళీ షార్టు. అడాప్టర్లన్నిటికీ వోల్టులు రాసిన చీటీ అంటించు.